కంభం చెరువులో మాఘమాసం



మాఘం వచ్చిందంటే కంభం చెరువు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెడుతుంది. బాగా వానలు పడిన ఏడు కార్తీకంలో కట్టమీద నిలబడితే కనుచూపు మేర నీళ్లే. ఇప్పుడు అదే చోట ఒక పక్క బురద, ఒక పక్క లేత పచ్చిక, మధ్యమధ్య మడుగులు. ఈ రోజుల్లో చెరువు వైపు చూసి "అప్పుడే ఇంత తగ్గిపోయిందే" అని చాలామంది నిట్టూరుస్తారు. కరువులు చూసిన సీమ మనది, ఆ దిగులు ఊరికే వచ్చింది కాదు. అయితే పక్షుల కోసం చెరువుకు వెళ్లేవాళ్లకు మాత్రం ఏడాది మొత్తంలో ఇవే మంచి రోజులు. ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో కంభం తగులుతుంది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతంలో పుట్టిన గుండ్లకమ్మ, కొండలు దిగి వచ్చి ఇక్కడ రెండు గుట్టల నడుమ సందులోంచి బయటపడుతుంది. ఆ సందుకు అడ్డంగా కట్ట వేస్తే ఏరు మొత్తం చెరువైపోతుందని విజయనగర కాలంలో ఎవరో గమనించారు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ ఈ చెరువు కట్టించిందని మన పెద్దలు చెబుతారు. బ్రిటిష్ కాలపు గెజెటీరు లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువు విస్తీర్ణం సుమారు 15 చదరపు మైళ్లు, దానిలోకి నీళ్లు దిగే పరివాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు. అంత పెద్ద లెక్కను ఒక్క చిన్న సందు దగ్గర తేల్చేశారు ఆ కాలపువాళ్లు. ఇంజినీరు విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరుగా నిలిచిన మోక్షగుండం ఊరు కూడా ఈ చుట్టుపక్కలదే. ఆయన పూర్వీకుల కళ్లముందే ఇంత పని ఉండేదని తలుచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషంగానే ఉంటుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ఈ చెరువును వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు మన కర్నూలు–కడప కాలువ, పోరుమామిళ్ల చెరువు కూడా ఆ గౌరవం అందుకున్నాయి.

కంభం చెరువు అభయారణ్యం కాదు. ప్రకటించిన పక్షుల కేంద్రం కూడా కాదు. కొల్లేరుకు 2002లో, చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, కంభానికి అలాంటిదేమీ లేదు. ఇది రైతు కోసం కట్టిన చెరువు. కానీ పక్షులు బోర్డులు చదివి దిగవు. లోతు, బురద, మేత, నిశ్శబ్దం చూసుకుని దిగుతాయి. అవన్నీ ఇక్కడ ఉన్నాయి.

కంభం చెరువు ఆకారం ఒకసారి మనసులో ఊహించుకోండి. కట్ట దగ్గర గుట్టల నడుమ ఇరుకు, లోతు. వెనక్కి పోయేకొద్దీ వెడల్పు, పలుచన. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఎక్కడ చూసినా లోతే కాబట్టి మునిగి చేపలు పట్టే నీటికాకులు, పాముమెడ పక్షులు, బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే మునుగుడు కోళ్లు, వీటిదే రాజ్యం. పొడుగు కాళ్ల పక్షికి నిలబడటానికి చోటు దొరకదు. మాఘం వచ్చేసరికి ఎగువన నీరు పలచబడి ఒకచోట మోకాలిలోతు, ఒకచోట పిక్కలోతు, ఒకచోట చీలమండలోతు, ఆ పైన వట్టి బురద అవుతుంది. పెళ్లి బంతిలో ఎవరి ఆకు ముందు వాళ్లు కూర్చున్నట్టు, ఏ కాలు పొడుగుకు తగిన లోతులో ఆ పక్షి నిలబడుతుంది. మోకాలిలోతు నీళ్లలో ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు. వాటికి కాస్త ఎడంగా ఒంటరిగా నారాయణ పక్షి. పలుచని నీళ్లలో గులాబి రంగు పుల్లల్లాంటి కాళ్లతో నల్లరెక్కల పిట్టలు. తడి బురదమీద ఉల్లంకులు, తోకలు కిందికీ పైకీ ఆడించే బుల్లి పిట్టలు. పచ్చిక మొలిచిన గట్టుమీద తీతువులు. పడమటి కొండల మీదికి ఎండ వాలేదాకా ఈ వరుస చెదరదు.

నీళ్లు తగ్గేకొద్దీ ఆ వరుస కూడా రోజూ కొంచెం కొంచెంగా కట్టవైపు జరుగుతూ వస్తుంది. నిన్న నీళ్లున్నచోట ఇవాళ బురద తేలుతుంది. ఆ బురదలో పురుగులు, నత్తలు, గడ్డి గింజలు పైకొస్తాయి. చేపపిల్లలు మడుగుల్లో చిక్కుకుపోతాయి. అంటే ప్రతి ఉదయం కొత్త మేత నేల తెరుచుకుంటుందన్నమాట. చెరువు తగ్గడమే పక్షుల పంట.

ఒక ఎర్రకాళ్ల కొంగను కాసేపు నిలకడగా చూడండి. పసుపు ముక్కు కొద్దిగా తెరిచి సగానికి పైగా నీళ్లలో ముంచుతుంది. తల అటూ ఇటూ తిప్పుతూ ముందుకు నడుస్తుంది. ఒక కాలితో అడుగున బురదను కెలుకుతుంది, ఒక్కోసారి ఒక పక్క రెక్క టక్కున విప్పుతుంది. బెదిరిన చేప ఎటో పరుగెత్తబోయి తెరిచిన ముక్కుల మధ్యకే వస్తుంది. తాకిన క్షణంలో ముక్కు మూసుకుంటుంది. ఆ కొంగ కంటితో చేపను చూసి పట్టదు. నీళ్లు ఎంత మురికిగా ఉన్నా దానికి బాధ లేదు, ముక్కు స్పర్శే దానికి చూపు. తోక దగ్గర గులాబి రంగు ఈకలు ఈ నెలల్లో మెరిసిపోతుంటాయి, ఇది వాటి గూళ్ల కాలం కూడా. శ్రీ సత్యసాయి జిల్లాలో వీరాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, ఈ ఊళ్లలో చెట్లనిండా వీటి గూళ్లు ఉంటాయి. వీరాపురం జనం ఆ కొంగల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. గూటిలో పిల్లలకు మేత తేవడానికి పెద్దవి దూరదూరాల చెరువులకు ఎగిరి వెళ్తాయి. మన చెరువుల్లో చేపలు తినే కొంగ ఏ ఊరి చెట్టుమీద పిల్లల్ని పెంచుతోందో చెప్పలేం.

నత్తగుల్ల కొంగది ఇంకో పద్ధతి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, వయసుతో ఏర్పడుతుంది. బురదలోంచి నత్తను తీసి, నీళ్లలోనే అదిమిపట్టి, కింది ముక్కు కొనను నత్త మూత కిందికి దూర్చి కండరం కోసేస్తుంది. గుల్ల పగలదు, మాంసం మొత్తం ఒక్కసారిగా బయటికి వస్తుంది. అది తిని పోయిన చోట బురదమీద చెక్కుచెదరని ఖాళీ గుల్లలు పడి ఉంటాయి. పిల్లల్ని వెంట తీసుకెళ్లినవాళ్లు తప్పకుండా ఏరి చూపించాలి.

ఇక బాతులు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి మన చెరువులకు బాతులు వస్తాయని అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, వచ్చిన కొత్తలో మగబాతు, ఆడబాతు ఒకేలా మట్టిరంగులో ఉంటాయి. అప్పుడు దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. ఇక్కడే ఈకలు మార్చుకుని, పుష్యమాఘాల నాటికి మగవి పూర్తి రంగులో తయారవుతాయి. సూదితోక బాతు మగది ఇప్పుడు చూడాలి. చాక్లెట్ రంగు తల, మెడ పక్కన నిలువునా ఎక్కిన తెల్ల చార, వెనక సూదిలా నిలిచిన తోక. గార్గెనీ అనే చిన్న బాతుకు కంటిమీద నెలవంకలాంటి తెల్ల చార. వీటిలో చాలా జతలు ఇక్కడే కలుస్తాయి, ఉత్తరానికి జంటగానే వెళ్తాయి. కాబట్టి చలికాలం చివర వెళ్తే రంగులే కాదు, మగవి ఆడవాటి ముందు తల వెనక్కి విసిరి, తోక ఎత్తి తిరిగే తీరు కూడా కనిపిస్తుంది.

పగలు ఈ బాతులు నీళ్లమీద నిద్రపోతున్నట్టు కనిపిస్తాయి. నిజంగానే పోతాయి. వీటి మేత ఎక్కువగా రాత్రిపూట, చెరువు అంచుల్లోనూ కోసిన వరి మళ్లలోనూ. ఇప్పుడు అవి వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్నాయి. ఎవరైనా సరదాకు రాయి విసిరినా, ఫొటో కోసం దగ్గరికి పోయి లేపినా, డ్రోను ఎగరేసినా, ఆ కూడబెట్టింది ఖర్చయిపోతుంది. ఒక్కసారి లేపితే ఏమవుతుంది అనుకుంటాం. మన తరవాత వచ్చినవాళ్లు కూడా అలాగే అనుకుంటారు.

మన కవులు వందల ఏళ్లుగా రాస్తూ వచ్చిన జక్కవలు, చక్రవాకాలు కూడా ఈ చలికాలపు అతిథులే. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వాటి పుట్టిళ్లు. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల. రాత్రయితే విడిపోతాయని కావ్యాల్లో చదువుకున్నాం. అవి దాదాపు ఎప్పుడూ జంటగానే కనిపిస్తాయి, చీకట్లో కూడా ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే మేస్తాయి. రాయలసీమ, కర్నాటక జలాశయాలకు ఇంకో గొప్ప అతిథి తలమీద రెండు నల్లపట్టీలుండే పెద్దబాతు. దానికి చిన్న యంత్రం తగిలించి ఉపగ్రహాల ద్వారా వెంబడించిన శాస్త్రవేత్తలు, హిమాలయాలు దాటేటప్పుడు అది 7,290 మీటర్ల ఎత్తుదాకా ఎక్కిందని లెక్కగట్టారు. మంగోలియాలో మెడకు పట్టీ వేసిన బాతులు కర్నాటక చెరువుల్లో కనిపించాయి. కాబట్టి ఈ దారిన ఏ చెరువులో పెద్దబాతుల గుంపు కనిపించినా మెడవైపు ఒకసారి బైనాక్యులర్ పెట్టి చూడటం మంచిది.

వేటాడే పక్షులు కూడా ఈ బంతి దగ్గరే ఉంటాయి. పొద్దెక్కాక తడినేలల పిల్లిగద్ద నీళ్లమీద తక్కువ ఎత్తులో, రెక్కలు కాస్త పైకెత్తి, ఊగుతున్నట్టు తేలుతూ వస్తుంది. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న బొల్లికోళ్లు, నల్లటి ఒళ్లు, నుదుటిమీద సున్నం బొట్టులాంటి తెల్లమచ్చ ఉండేవి, అన్నీ చప్పున దగ్గరికి చేరి ఒకే నల్లటి ముద్దగా తయారవుతాయి. గద్దకు గుంపులోంచి ఒక్కదాన్ని విడదీయడం కష్టం. అది రెండుమూడుసార్లు పైనుంచి బెదిరిస్తుంది. బలహీనమైనదో, గాయపడిందో ఒకటి వెనకబడితే దాని పని అయిపోయినట్టే. లేకపోతే గద్ద విసుగొచ్చి వెళ్లిపోతుంది, బొల్లికోళ్లు మళ్లీ విడిపోయి నాచు తినడంలో పడతాయి. లోతు నీళ్లమీద కొరమీను గద్దది వేరే వేట. గాలిలో ఆగి, రెండు కాళ్లూ ముందుకు చాచి నీళ్లలో పడి, చేపను తల ముందుకు ఉండేలా సర్దుకుని ఎగిరిపోతుంది. నల్లతెల్ల లకుముకి కూడా అలాగే గాలిలో నిలబడి నిట్టనిలువుగా దూకుతుంది. కానీ ఆ చిన్న పిట్ట చేపను గట్టుమీద బాది మరీ మింగుతుంది.

చెరువుకు ఇంకో ముఖం అడవి. గుండ్లకమ్మ, జంపలేరు నల్లమల నీళ్లు తెచ్చి ఈ చెరువు నింపుతాయి. మార్కాపురం అటవీ డివిజన్ నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగం. గిద్దలూరు వైపు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. గిద్దలూరుకూ నంద్యాలకూ మధ్య ఈ అడవిలోనే, చెట్ల తొర్రల్లో, మెరిసే నీలిరంగు పెద్ద సాలీడు ఒకటి బతుకుతోంది. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికి, ఆ తరవాత నూరేళ్లు ఎవరికీ కనబడక, 2001లో మళ్లీ ఇక్కడ కనిపించింది. మాఘం చివరికి అడవి ఆకు రాలుస్తుంది, మోదుగులు ఎర్రగా పూస్తాయి, వాగులు సన్నబడతాయి. వానాకాలంలో ఎక్కడికక్కడ తాగిన దుప్పులు, కణితులు, ఎలుగుబంట్లు, చిరుతలు, పెద్దపులులు ఇప్పుడు మిగిలిన నాలుగు నీటి చోట్లకు చేరుకుంటాయి. అటవీశాఖవాళ్లు సాసర్ పిట్లలో సోలార్ బోర్లతోనో ట్యాంకర్లతోనో నీళ్లు నింపడం మొదలుపెట్టేది ఈ కాలంలోనే. చెంచుపెంటల పెద్దలకు ఏ వాగులో ఏ మలుపు దగ్గర ఇసుక తోడితే చెలమ ఊరుతుందో తెలుసు, ఏ చెలమకు ఏ జంతువు ఏ వేళకు వస్తుందో కూడా తెలుసు. అడవిలోపల నీళ్లు ఉంటే జంతువు అడవిలోనే ఉంటుంది. లేకపోతే పొలాల వైపు దిగుతుంది, అప్పుడు నష్టం రెండు పక్కలా.

మన దగ్గర ఇంత ఉన్నా రాసి పెట్టుకున్నది తక్కువ. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1862, 64 మధ్య అచ్చువేసిన పక్షుల గ్రంథంలో మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా చేర్చాడు. 1929, 30లలో వెర్నే సర్వే బృందం తూర్పు కనుమలు తిరుగుతూ నల్లమలలో కూడా మకాం వేసి పక్షుల్ని నమోదు చేసింది. తరవాత నల్లమల అంటే పులి, తీరం అంటే పులికాటు, నేలపట్టు, కొల్లేరు. మధ్యలో ఉన్న మన చెరువులు ఎవరి జాబితాలోనూ గట్టిగా నిలబడలేదు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క ఉంటుంది, కాలేజీల పిల్లలు తమ క్యాంపస్‌లలో చేస్తారు. ఒక ఫోను, ఒక పావుగంట ఉంటే ఈబర్డ్ అనే యాప్‌లో ఎవరైనా తాము చూసింది నమోదు చేయవచ్చు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట కాలేజీల మాస్టార్లకు నాది ఒకే విన్నపం. పిల్లల్ని ఏటా ఒక్క ఉదయం చెరువు దగ్గరికి నడిపించండి. పదేళ్లు అలా లెక్క రాస్తే, ఈ చెరువు విలువ గురించి మనం ఎవర్నీ బతిమాలే పని ఉండదు, ఆ కాగితాలే మాట్లాడతాయి.

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. 1971లో ఆ రోజున ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది, కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అందులోకి వచ్చాయి. ఆ జిల్లాకే తరవాత ప్రకాశం పేరు పెట్టారు. మన పిల్లలు ఈ తేదీని రెండు విధాలా గుర్తుపెట్టుకోవచ్చు.

రైతు నీళ్లు రైతుకే మొదట. ఈ మాటలో నాకు సందేహం లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో, అడుగంటిన బోర్లతో బతికిన ప్రాంతంలో నిలబడి పక్షుల కోసం తూములు మూయమని ఎవరూ అడగలేరు. అడగాల్సింది వేరే ఉంది. నీళ్లు తగ్గి బయటపడిన చెరువు గర్భాన్ని ఖాళీ నేలగా లెక్కగట్టి దున్నేయడం, గట్టు వేసుకోవడం, చెత్త పోయడం మానాలి. ఆ నేల మళ్లీ వానలు పడగానే చెరువే అవుతుంది. ఎగువ పలుచని నీళ్లలో, కనబడని సన్న నైలాన్ వలలు రాత్రంతా వదిలేస్తే చేపలతోపాటు మునుగుడు కోళ్లు, బాతులు చిక్కి చస్తాయి. గింజలకు గుళికల మందు కలిపి చల్లి బాతుల్ని చంపేవాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, ఆ మాంసం తిన్న ఇంటికి అది విషం కూడా. ఎక్కడైనా బాతులు గుంపుగా చచ్చి పడి ఉంటే తాకకుండా అటవీశాఖకు చెప్పండి. సర్కారు తుమ్మ చెరువు గర్భంలోకి పాకినచోట కొట్టివేయడం రైతుకూ పక్షికీ ఇద్దరికీ లాభమే.

వెలిగొండ ప్రాజెక్టు పూర్తయి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు మూసిన నల్లమల సాగర్ నిండితే మన ప్రాంతానికి గొప్ప మేలు. ఆ రోజు కోసం అందరం ఎదురుచూస్తున్నాం. అయితే కొండల మధ్య లోతుగా నిలిచే జలాశయం, మెల్లగా వాలిన ఒడ్డుల చెరువు ఒకటి కావు. నిటారు ఒడ్డున కొంగ నిలబడదు. పలుచని అంచులున్న పాత చెరువుల అవసరం కొత్త జలాశయాలు వచ్చాక కూడా అలాగే ఉంటుంది. ఎగువ గుట్టల నుంచి నీళ్లు తెచ్చే వాగుల దారులు మూసుకుపోకుండా చూసుకోవడమే వాటికి మనం చేయగల మొదటి సాయం.

వెళ్లదలచినవాళ్లకు రెండు మాటలు. తెల్లవారకముందే బయల్దేరండి. ఎండ వీపుకు తగిలేలా నిలబడండి, అప్పుడే రంగులు తేటగా కనిపిస్తాయి. బురదలోకి దిగవద్దు, కట్టమీదనుంచే చాలా కనిపిస్తుంది. బైనాక్యులర్ లేకపోయినా పరవాలేదు, నిలకడ ఉంటే చాలు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, గట్టిగా మాట్లాడకండి, కుక్కను వెంట తీసుకెళ్లకండి. చూసిన పక్షి పేరు తెలియకపోతే ముక్కు, కాళ్లు, అది చేస్తున్న పని, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తరవాత ఎవరినడిగినా పోల్చి చెబుతారు.

ఫాల్గుణం మధ్యకు బాతులు గుంపులు కట్టి ఉత్తరానికి లేస్తాయి. మార్చి నెలాఖరుకు చాలావరకు ఖాళీ. ఈ ఆదివారం కుదరకపోతే పై ఆదివారమైనా వెళ్లి రండి.